పదకొండేళ్ళు పడుకున్న బాలయేసు

"దొంగెవరో చెప్తాను గానీ, ముందు ఆ పట్టీలో గాలి తియ్యమ్మాయ్. చెయ్యి మొద్దుబారిపోతోంది. నా బీపీ ఎంతుంటే నీకెందుకు? నా నోరు ఎలాగూ తగ్గదు. వింటున్నావా? ఆయన్ని ఎత్తుకుపోయింది నేనే."

నర్సమ్మ మరీసెలా గాలి తియ్యడం మరిచిపోయి అలాగే చూస్తూ కూర్చుంది.

"ఎవర్ని ఎత్తుకుపోయారు రుఫీనమ్మా?"

"ఎవర్నేమిటే! బాలయేసుని. మా ఇంట్లో బాలయేసుని, మా ఇంట్లోంచి, పట్టపగలు, నేనే దొంగతనం చేశాను. చేసి, వీధిలోకి పోయి దొంగా దొంగా అని నేనే అరిచాను. ఇప్పుడు రాసుకో నీ కాగితం మీద, బీపీ పక్కన."

మరీసెలా కాగితం పక్కన పెట్టేసింది. ముకుతారి ఊరికి నర్సుగా వచ్చి పందొమ్మిదేళ్ళయింది ఆవిడకి. ఈ కొండమీద ఎవరికైనా నిజం చెప్పాలనిపిస్తే ముందు ఒంట్లో బాగోలేదని కబురు పంపుతారని ఆ పందొమ్మిదేళ్ళలో తెలుసుకుంది. అందుకే పట్టీ విప్పి, ముక్కాలి పీట జరుపుకుని, కాఫీ అడిగి మరీ పోయించుకుంది. రేపు ఫిబ్రవరి రెండు. ఊరంతా ఈ ఇంటికే రావాల్సిన రోజు. పదకొండేళ్ళ తర్వాత.

పదకొండేళ్ళ సంగతి ముకుతారిలో అందరికీ తెలుసు. అసలు సంగతి మాత్రం మొన్నమొన్నటిదాకా ఇద్దరికే తెలుసు. దేవుణ్ణి కూడా కలుపుకుంటే ముగ్గురికి.

మెరీదా కొండల్లో క్రిస్మస్ డిసెంబరుతో అయిపోదు. ప్రతి ఇంట్లోనూ బొమ్మలతో కట్టిన పశువుల పాకలో బాలయేసు బొమ్మ గడ్డిమీద వెల్లకిలా పడుకుని ఉంటాడు. కొత్త సంవత్సరం వచ్చాక, ఫిబ్రవరి రెండు లోపల, ఆయన్ని నిలబెట్టాలి. ఉత్తినే చేత్తో తీసి నిలబెట్టేస్తే కుదరదు. నలుగురు జ్ఞానతల్లిదండ్రులు పట్టు రుమాలు నాలుగు మూలలూ పట్టుకోవాలి. మధ్యలో ఆయన్ని పడుకోబెట్టి, కొవ్వొత్తులు వెలిగించి, వయొలిన్ ముందు నడవగా పాడుకుంటూ ఇంటి చుట్టూ తిప్పాలి. అందరూ ముద్దు పెట్టుకోవాలి. అప్పుడు పాకలో నిలబెట్టి వైనూ కేకూ పంచాలి. నిలబెట్టేదాకా పాక విప్పడానికి వీల్లేదు. గడువు దాటినా నిలబెట్టని బద్ధకస్తుల ఇంట్లోంచి బాలయేసును ఎత్తుకుపోతే అది దొంగతనం కిందికి రాదు, పుణ్యం కిందికే వస్తుంది. అప్పుడు ఇంటివాళ్ళు పాటగాళ్ళను వెంటబెట్టుకుని ఊళ్ళో ఒక్క గుమ్మం కూడా వదలకుండా వెతకాలి. దొరికాక ఊరందరికీ విందు పెట్టి నిలబెట్టాలి.

రుఫీనా ఇంట్లో ఆయన పదకొండేళ్ళుగా పడుకునే ఉన్నాడు.

పదకొండేళ్ళ కిందటి జనవరిలో నలుగురు జ్ఞానతల్లిదండ్రుల్లో ఒకామె జలుబుచేసి రాలేదు. నాలుగో మూల రుఫీనాయే పట్టుకుంది. మిగతా మూడు మూలలు బేకరీ సతుర్నో, అతని భార్య లూర్ద్, రుఫీనా చెల్లెలు ఒతీలియా. మంచు దిగుతున్న సాయంత్రం. ఇంటి వెనక మలుపు తిరుగుతుండగా రుమాలు ఒక పక్కకి ఒరిగింది. బాలయేసు జారి రాతిమీద పడ్డాడు. దీవిస్తున్నట్టు ఎత్తిన రెండు వేళ్ళలో ఒకటి విరిగిపోయింది. వయొలిన్ ఆగింది. రుఫీనా గొంతు ఒక్కటే లేచింది.

"ఒతీలియా! మూల వదిలేశావే!"

ఒతీలియా అక్క మొహంలోకి చూసింది, కొవ్వొత్తి ఆర్పింది, ఇంటికి వెళ్ళిపోయింది. నోరు మెదపలేదంటే ఒప్పుకున్నట్టేనని జనం అనుకున్నారు. రుఫీనా మాత్రం అక్కడే, విరిగిన వేలు పిడికిట్లో పట్టుకుని శపథం చేసింది. ఒతీలియా వచ్చి అందరి ముందూ క్షమించమని అడిగేదాకా ఈ ఇంట్లో బాలయేసు లేవడు.

ఆయన లేవలేదు. లేవకపోతే పాక విప్పకూడదు గనక పాక కూడా లేవలేదు. ముందుగది సగం ఆక్రమించిన పాక అది. నాచు ఎండి పొడయింది. అద్దం చెరువు మీద దుమ్ము పట్టింది. వీధి తలుపు తెరిస్తే గొర్రెలకు తగులుతుందని ఇంటికొచ్చినవాళ్ళంతా పదకొండేళ్ళుగా వంటింటి దారిన వస్తున్నారు. మూడో ఏడు ఒక కోడి గొల్లవాళ్ళ వెనకాల గుడ్లు పెట్టడం మొదలుపెట్టింది. రుఫీనా మొదట తరిమింది. తర్వాత, పశువుల పాక అన్నాక ఒక ప్రాణమున్న జీవి ఉంటే తప్పేమిటని ఊరుకుంది.

ఊరు చేతులు కట్టుకుని కూర్చోలేదు. సతుర్నో కరెంటు మీటరు చూడ్డానికొచ్చానని ఒకసారి, ఎలుకలమందు చల్లడానికని ఒకసారి వచ్చాడు. బడి పంతులమ్మ పిల్లలకు చూపించి తెస్తానంది. కొండమీదికి రెండు వారాలకోసారి వచ్చే ఫాదర్ ఆన్సెల్మో కూడా, "గుడికి తీసుకెళ్ళి దీవించి పంపుతానమ్మా" అని చెయ్యి చాచారు.

"ఆయన్ని మీరు దీవిస్తారా ఫాదర్? సరే, ఇక్కడే దీవించండి. నేను చూస్తుంటాను."

వెల్లుల్లి చేలో పనికి వెళ్తే ఆప్రాన్ జేబులో వేసుకుని వెళ్ళేది. సంతకి వెళ్తే సంచిలో. ఆయన తల ఉల్లికాడల మధ్యలోంచి కనిపించేది. జీపు డ్రైవరు "ఇద్దరికా టిక్కెట్టు?" అని అడిగేవాడు.

"రుఫీనమ్మా, దేవుడు దీర్ఘశాంతుడు. నిజమే. కానీ ఆయన సహనాన్ని మరీ ఇంత పరీక్షించకూడదు," అన్నారు ఫాదర్ ఒకసారి.

"పరీక్ష కాదు ఫాదర్, విశ్రాంతి. పాపం, పెద్దయ్యాక ఎన్ని కష్టాలు పడాలో మీకూ నాకూ తెలుసుగా. పడుకోనివ్వండి."

ఫాదర్ నవ్వు ఆపుకోవడానికి దగ్గారు. పాపసంకీర్తనానికి కూర్చుంటే మాత్రం రుఫీనా ఎంతో నిజాయితీగా చెప్పేది. కోడిని తిట్టాను, సతుర్నో రొట్టెలో ఉప్పు తక్కువని పదిమందితో అన్నాను, జపమాల మధ్యలో నిద్రపోయాను. ఇంకేమైనా ఉందా అమ్మా అంటే, "ఇంకేముంటుంది ఫాదర్, వయసైపోయిందిగా," అనేది. ఇంటికొచ్చి పాక ముందు నిలబడితే, వేలు విరగ్గా మిగిలిన ఆ ఒక్క వేలూ సరిగ్గా తనకేసే చూపిస్తున్నట్టుండేది. పక్కకి జరిగి నిలబడేది. జరిగినా అంతే.

ఒతీలియా సంగతి వేరు. అంతకు ముందు ఆవిణ్ణి జ్ఞానతల్లిగా పిలవని ఇల్లు లేదు. మంచి గొంతు, నిదానమైన నడక. ఆ సాయంత్రం తర్వాత ఎవరూ పిలవలేదు. "జారుడు చేతుల ఒతీలియా" అన్నారు. అన్నది నవ్వులకే. పదకొండేళ్ళుగా ప్రతి నిలబెట్టే పండక్కీ ఒతీలియా అందరికంటే వెనక, కొవ్వొత్తి పట్టుకుని నిలబడి పాడుతూనే ఉంది. ఆ గొంతు వెనకనుంచి వినిపిస్తే రుఫీనా శాలువా తలమీదికి లాక్కునేది. చలి అనేది.

కిందటి అక్టోబరులో రుఫీనా వెల్లుల్లి చేలో కళ్ళు తిరిగి పడింది. మరీసెలా వచ్చి, నాలుగు రోజులు మంచం దిగొద్దని గట్టిగా చెప్పి వెళ్ళింది. డెబ్భై మూడేళ్ళలో రుఫీనా అలా పడుకున్నది అదే మొదటిసారి. మొదటిరోజు దూలాలు లెక్కపెట్టింది. రెండోరోజు దూలాల మధ్య సాలెగూళ్ళు లెక్కపెట్టింది. మూడోరోజు వీపు మండింది. వంటింట్లో పాలు పొంగిన వాసన వస్తోంది, లేచి చూడ్డానికి లేదు. ఎవరో వస్తారు, మొహంలోకి వంగి చూస్తారు, పోతారు. నాలుగోరోజు మధ్యాహ్నం, పక్కగదిలోకి చూస్తూ రుఫీనా పైకే అంది.

"నాలుగు రోజులకే నా వీపు కాయలు కాసింది తండ్రీ. నువ్వు పదకొండేళ్ళు ఎలా ఉన్నావు?"

ఆ రోజు నుంచే ఆమెకు అసలు భయం పట్టుకుంది. తను ముందు పోతే? ఆయన్ని పడుకోబెట్టి పైకి వెళ్తే, అక్కడ ఆయనే ఎదురొస్తాడు. ఏమంటాడు? ఏమైనా అంటే పర్వాలేదు, అనేవాళ్ళతో ఎలా మాట్లాడాలో రుఫీనాకు తెలుసు. కానీ ఆయన ఏమీ అనడు. ఇప్పటిదాకా అన్నాడా? ఒక వేలు చూపిస్తూ అలా చూస్తాడంతే.

శపథం అడ్డం వచ్చింది. ఒతీలియా రావాలి, అడగాలి. ఒతీలియా రాదు. తను వెళ్ళాలంటే కాళ్ళు రావు. రెండు నెలలు ఆలోచించింది. ఆలోచించగా ఆలోచించగా తేలింది ఒకటే. ఎవరైనా బాలయేసును ఎత్తుకుపోతే, తను ఊళ్ళో అన్ని గుమ్మాలూ ఎక్కాలి. అన్నీ అంటే ఒతీలియాది కూడా. తను వెళ్ళినట్టు కాదు, ఆచారం తీసుకెళ్ళినట్టు.

పదకొండేళ్ళు దొంగలందర్నీ తరిమిన మనిషి, జనవరి నెలంతా దొంగ కోసం ఎదురుచూసింది. వంటింటి తలుపు బార్లా తీసి చేలోకి పోయింది. కుక్కను గొలుసుతో దొడ్డివైపు కట్టింది. సతుర్నో పోతుంటే పిలిచి, "మీటరు చూడవా ఈ ఏడు?" అని అడిగింది. అతను భయపడి దాటిపోయాడు. ఒక్కడూ రాలేదు. ఇన్నేళ్ళ దెబ్బలకి ఊరు ఆశ వదిలేసుకుంది.

చివరికి జనవరి ఇరవై ఎనిమిదిన, పాలు పితికి వచ్చాక, రుఫీనా తనే ఆయన్ని గడ్డిమీంచి తీసింది. శుభ్రమైన తువ్వాల్లో చుట్టింది. వంటింట్లో గోధుమపిండి డబ్బాలో, పిండిమీద పడుకోబెట్టింది. ఊపిరాడదేమోనని మూత కాస్త తెరిచి ఉంచింది. తర్వాత వీధిలోకి పోయి అరిచింది.

ఎవరూ రాలేదు. రుఫీనా దొంగా అని అరవడం ఊరికి కోడి కూతతో సమానం. మళ్ళీ అరిచింది. మూడోసారికి వయొలిన్ క్రిస్పులో తాత దుప్పటిలోంచి తల బయటపెట్టాడు.

"ఈసారి నిజంగానా?"

"నిజంగానే పోయాడు తాతా! గడ్డి ఖాళీగా ఉంది, వచ్చి చూడు!"

అంతే, ఊరికి పండగొచ్చింది. జనం ఒకర్నొకరు వీపులు చరుచుకున్నారు. "ఎవడ్రా ఆ మొనగాడు?" అంటే "నేను కాదు, నువ్వేగా" అంటూ కన్ను కొట్టుకున్నారు. సాయంత్రానికి పాటగాళ్ళు సిద్ధమయ్యారు. క్రిస్పులో తాత వయొలిన్, అతని అల్లుడి గిటారు, ఇంకొకడి డప్పు, వెనక ఊరు. ముందు నల్ల శాలువా కప్పుకుని రుఫీనా.

ప్రతి గుమ్మం ముందూ ఆగాలి, పాట పాడాలి, "మా బాలుడు మీ ఇంటికి వచ్చాడా?" అని అడగాలి. రాలేదంటే కాఫీ తాగి పోవాలి. మూడో గుమ్మం సతుర్నోది.

"వచ్చాడు వదినా," అన్నాడు సతుర్నో ఛాతీ విరుచుకుని. "దొంగని నేనే."

రుఫీనా ఒక్క క్షణం తన పిండి డబ్బా మీద తనే అనుమానపడింది.

"ఎలా తీశావు?"

"కిటికీలోంచి."

"మా కిటికీకి పదకొండేళ్ళుగా ఒంటె అడ్డం ఉంది."

"ఒంటెను పక్కకి జరిపాను."

"అది మేకు కొట్టి ఉంది సతుర్నో."

లోపల్నుంచి లూర్ద్ అరిచింది. "ఎదురుగా ఉన్న ఉప్పు డబ్బా కనపడదమ్మా ఈయనకి! ఈయన దొంగతనం చేశాడంటే నేను పోప్ గారినైపోతాను!"

ఊరంతా నవ్వింది. రుఫీనా నవ్వలేదు. ఇళ్ళు తరిగిపోతున్నాయి. ఏడో ఇంట్లో రెండు కాఫీలు తాగింది. పదో ఇంట్లో ఆవు బాగోగులు అడిగింది, దూడ బాగోగులు అడిగింది. పదమూడో ఇంట్లో కూర్చుండిపోయింది.

"లే రుఫీనా. ఇంకొక్కటే మిగిలింది," అన్నాడు క్రిస్పులో తాత.

"పాట మళ్ళీ మొదట్నుంచి పాడితే బాగుంటుందేమో తాతా. మూడో చరణం సరిగా రాలేదు."

"మూడో చరణం సంగతి నీకెందుకు, నడువు."

వాగు దాటితే ఒతీలియా ఇల్లు. పాట అయిపోయేసరికి ఒతీలియా తలుపు తీసింది. చేతులకు మొక్కజొన్న పిండి. జుట్టు పూర్తిగా నెరిసిపోయింది. రుఫీనా అది ఎప్పుడూ దగ్గర్నుంచి చూడలేదు.

అడగాల్సిన మాట నాలుకమీదే ఉంది. రుఫీనా గొంతు సవరించుకుంది. మళ్ళీ సవరించుకుంది. వెనకనుంచి ఎవరో "అడుగమ్మా, చలేస్తోంది" అన్నారు.

"మా... మా బాలుడు మీ ఇంటికి వచ్చాడా?"

ఒతీలియా అక్క కాళ్ళకేసి, ఆ బురద బూట్లకేసి చూసింది. మళ్ళీ మొహంలోకి చూసింది.

"వచ్చాడక్కా," అంది. "నేనే తీసుకొచ్చాను. తప్పయిపోయింది. అందరి ముందూ అడుగుతున్నాను, క్షమించు."

 ఊరంతా ఈలలు వేసింది. క్రిస్పులో తాత ఎవరూ చెప్పకుండానే వయొలిన్ ఎత్తుకున్నాడు. రుఫీనా పదకొండేళ్ళుగా ఒతీలియా క్షమించమంటే ఏమనాలో వల్లె వేసుకుంది. చక్కటి మాటలు, గంభీరమైన మాటలు. ఒక్కటీ నోటికి రాలేదు. ఎందుకంటే ఎదురుగా ఉన్న మనిషి పచ్చి అబద్ధం ఆడుతోంది. బాలయేసు అక్కడ, తన వంటింట్లో, గోధుమపిండి మీద ఉన్నాడు.

"ఎక్కడ పెట్టావు? చూపించు!" అంది రుఫీనా, ఇంకేమనాలో తెలియక.

"లోపలికి రా, చూపిస్తాను. నువ్వొక్కదానివే."

ఒతీలియా వంటింట్లోకి నడిచి తలుపు మూసింది. బయట డప్పు మోగుతోంది. పొయ్యిమీద బంగాళాదుంప చారు కుతకుతలాడుతోంది. ఒతీలియా గొంతు తగ్గించింది.

"పిండి డబ్బాలోనే కదా పెట్టావు?"

రుఫీనా అక్కడున్న బస్తామీద కూలబడింది.

"నీకెవరు చెప్పారే?"

"అమ్మ చెంచాలు విరగ్గొట్టినా పిండి డబ్బాలోనే, నా బొమ్మ దాచినా పిండి డబ్బాలోనే. ఇంకెక్కడ పెడతావు నువ్వు? దొంగా అని నీ కేక వినగానే అనుకున్నాను, అక్క మా ఇంటికి వస్తోందని. పొద్దుట్నించీ పిండి కలుపుతూనే ఉన్నాను. నాలుగుసార్లు గట్టిపడింది, నాలుగుసార్లు నీళ్ళు పోశాను. ఎన్ని ఇళ్ళు తిరుగుతావే తల్లీ!"

రుఫీనా ఏడవలేదు. ఏడుపొస్తే కోపం తెచ్చుకునే మనిషి. కానీ ఆ కోపానికి కూడా ఎవరూ దొరకలేదు. చారుకేసి చూస్తూ, గిన్నెతో చెబుతున్నట్టు చెప్పింది.

"ఆ మూల వదిలింది నువ్వు కాదు. నేను. క్రిస్పులో మూడో చరణం ఎగ్గొట్టాడు. ఎందుకు ఎగ్గొట్టావని వేలెత్తాను. అంతే. వేలెత్తాననీ ఆ చేత్తోనే మూల పట్టుకున్నాననీ ఆయన పడ్డాక తెలిసింది. అప్పటికే నీ పేరు అరిచేశాను."

"తెలుసు," అంది ఒతీలియా.

"ఎప్పట్నించి?"

"పడిన క్షణం నుంచి. నా మూల నా చేతిలోనే ఉందిగా అక్కా."

ఇంత తేలిక సంగతి రుఫీనాకు పదకొండేళ్ళలో ఒక్కసారీ తట్టలేదు. ఒతీలియాకు తెలిసి ఉంటుందని.

"తెలిసి ఎందుకు చెప్పలేదే? ఊరంతా నిన్ను అంటుంటే? ఎవరూ పిలవకపోతే?"

"మొదట్లో చాలా కోపం వచ్చింది. నీ ఇంటికి నిప్పు పెడదామనుకున్నాను. పాక ఉందని ఊరుకున్నాను." ఒతీలియా చారు కలిపింది. "తర్వాత, నువ్వే చెప్తావులే అనుకున్నాను. ఈ ఏడు చెప్తుంది, పై ఏడు చెప్తుంది. ఆయన మాత్రం చెప్పాడా? వేలు విరగ్గొట్టించుకుని మరీ ఊరుకున్నాడు. ఆయన పడుకుని ఎదురుచూస్తుంటే నేను నిలబడి ఎదురుచూడలేనా?"

బయట డప్పు ఆగింది. "ఏమైంది లోపల? చంపుకోలేదు కదా?" అని సతుర్నో అరిచాడు. ఒతీలియా తలుపు సందులోంచి తల పెట్టి, బాలుణ్ణి ఫిబ్రవరి రెండున తనే తెచ్చి అప్పగిస్తానని, అందరూ చారు తాగి వెళ్ళమని చెప్పింది. అక్కకు పెద్ద గిన్నెలో పోసింది, రెండు గుడ్లు వేసి. రుఫీనా తాగింది. ఉప్పు తక్కువైంది. ఆ మాట అననందుకు ఆమెకు తర్వాత ఎంతో గర్వంగా అనిపించింది.

ఇదంతా నాలుగు రోజుల కిందటి మాట. మరీసెలా కాఫీ చల్లారిపోయింది.

"మరి ఇంకేంటి రుఫీనమ్మా? అన్నీ సర్దుకున్నాయిగా. బాలయేసు ఎక్కడ?"

"పొద్దున్నే బంగాళాదుంపల గంపలో పెట్టి వాళ్ళింటికి చేర్చాను. దొంగ దగ్గర దొంగసొత్తు ఉండాలిగా. ఫాదర్ గారికీ చెప్పేశాను, మొన్న జపమాల దగ్గర. పదకొండేళ్ళ పాపానికి ఆయన నాకు ఇచ్చిన శిక్షేమిటో తెలుసా? మూడు ప్రార్థనలు. మూడంటే మూడు! ఇంకాస్త వెయ్యండి ఫాదర్ అన్నాను. ఎందుకమ్మా, దేవుడు ఎప్పుడో క్షమించేసి నువ్వెప్పుడు అడుగుతావా అని కూర్చున్నాడు అన్నారు. ఇంటికొచ్చి ఆరు చెప్పుకున్నాను, నా తృప్తికి."

"మరి బీపీ ఎందుకు పెరిగింది?"

రుఫీనా కిటికీ కేసి, ఆ మేకు కొట్టిన ఒంటెకేసి తిరిగింది.

"పొద్దున సతుర్నో వచ్చాడు. రేపు మూల పట్టుకోవడానికి ఒతీలియాకి ఇవ్వొద్దు వదినా అన్నాడు. దొంగతనం చేస్తే చేసింది గానీ జారుడు చేతులు, మళ్ళీ పడేస్తే ఈసారి తలే పోతుంది, ఊరంతా అదే అనుకుంటోంది అన్నాడు. నేను చెప్పాలి కదా అప్పుడు? నోరు తెరిచాను. సతుర్నో, అది ఒతీలియా కాదు... అన్నాను. ఏంటి వదినా అన్నాడు. రొట్టెలో ఉప్పు సరిపోయింది ఈసారి అన్నాను! అతను పొంగిపోయి వెళ్ళాడు. నేనిక్కడే కూర్చుండిపోయాను. చెమటలు పట్టేశాయి. నీకు కబురు పెట్టాను."

"చెల్లెలికి చెప్పగలిగారు. దేవుడికి చెప్పగలిగారు. సతుర్నోకి చెప్పలేరా?"

"దేవుడికి చెప్పడం ఎంతసేపమ్మాయ్? ఆయన ఎవరికీ చెప్పడు. పదకొండేళ్ళు చూశాగా. చెల్లెలు క్షమించింది, దాని గుణం అలాంటిది. ఈ ఊరు క్షమించదే, నవ్వుతుంది. నవ్వితే నవ్వనీ, దానికి నేను తగినదాన్నే. కానీ నా నోటితో నేను మొదలుపెట్టలేను. ఒతీలియా అయితే ఏమందో తెలుసా? చెప్పకపోయినా ఫర్వాలేదక్కా, నేను వెనకే నిలబడి పాడతానులే అంది. ఆ మాట అనకుండా రెండు తిట్టి ఉంటే నిద్రపోయేదాన్ని."

మరీసెలా పట్టీ చుట్టి సంచిలో పెట్టుకుంది. ఇవాళ ఫ్లూ టీకాల రోజు, ఇంకా పదమూడు ఇళ్ళు తిరగాలి. సంచి భుజాన వేసుకుంటుంటే రుఫీనా చెయ్యి పట్టుకుంది.

"సూదులకేనా ఇప్పుడు వెళ్ళేది?"

"ఆ. అందరికీ."

"అయితే ఒక్క పని చెయ్యి. సూది గుచ్చేటప్పుడు చెప్పు. కదలకుండా వింటారు, మధ్యలో నవ్వడానికీ ఉండదు. ఆ మూల వదిలింది రుఫీనా, ఒతీలియా చేతులు గట్టివి అని చెప్పు. ఈ మాట నేను చెప్పమన్నానని కూడా చెప్పు, లేకపోతే నువ్వు కల్పించావంటారు. ముందు సతుర్నో ఇంటికి పో. అతనికి చెబితే మిగతా ఇళ్ళకి నీకంటే ముందు అతనే చేరుస్తాడు. రేపు మొదటి మూల ఒతీలియాది, రెండోది నువ్వు పట్టుకో. నేను ఏ మూలా పట్టుకోను, వెనక కొవ్వొత్తితో నిలబడతాను. వెళ్ళు, వెళ్ళమ్మాయ్, మంచు దిగకముందే. ఇదుగో, ఆ సతుర్నోకి కాస్త లావు సూది వెయ్యి."